నాన్నగారి కొలతల కారు

పోయిన వారం చిన్నన్నయ్య మనవడు అరకు వచ్చి, మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఊరికే పడివున్న నా చిన్న కారుని చూసి, మోకాళ్ళ నొప్పులతో ఎలాగూ నడపడం మానేశావు కదా మామ్మా, అమ్మేద్దామా అన్నాడు. సరే చూడరా అన్నాను. ధర కట్టడానికి ఎవరిని పిలవాలో, వచ్చిన మనిషికి భోజనంలోకి ఏం చెయ్యాలో అని నేను ఆలోచనలో ఉండగానే వాడు ఫోనులో కారు నంబరు కొట్టి, అది అడిగిన ప్రశ్నలకి టకటకా సమాధానాలు నొక్కేసి, ఇదిగో రేటు అని నా మొహం ముందు పెట్టాడు. ఆ ప్రశ్నల్లో ఒక్కదాన్ని మాత్రం పైకి చదివాడు. కారుకి సొంతంగా మార్పులేమైనా చేయించారా అని. నేను నోరు తెరిచేలోపే లేదని నొక్కేశాడు కూడా. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చెబుదామంటే వాడికి రైలు టైమయింది. మన ఈడు వాళ్ళకైతే ఇలాంటి సంగతులు తీరిగ్గా వినే ఓపిక ఉంటుంది గనక మీకు చెబుతున్నాను.

మా నాన్నగారు విజయనగరం దగ్గర పల్లె నుంచి వ్యాపారం కోసం కొండెక్కిన మనిషి. అరకులో కిరాణా కొట్టు పెట్టి, చుట్టుపక్కల సంతలు తిరిగి చింతపండు, పిప్పళ్ళు, పసుపు, అడ్డాకులు కొని కిందికి పంపేవారు. చాలా ఏళ్ళు బస్సు టాపు మీద బస్తాలతో పాటు తానూ కూర్చుని తిరిగాక, సాలూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర పాత అంబాసిడర్ కొన్నారు. మొదట్లో వచ్చిన రకం అది, గుండ్రటి బానెట్టూ, ముందు సోఫాలాగా ఒకటే పొడుగు సీటూ ఉండేవి. సాలూరంటే లారీల ఊరని మీకు తెలుసు కదా. అక్కడ లారీలకి బాడీలు కట్టే షెడ్డులోనే కారుని దింపి, తనకి ఎలా కావాలో అలా కట్టించుకున్నారు. వెనక డిక్కీ మూత తీయించి లారీకి ఉన్నట్టే గొలుసులతో దిగే చెక్క తలుపు పెట్టించారు. పైన ఇనప కారేజీ వేయించారు. ఘాటీ రోడ్డులో అడుగున రాళ్ళు తగలకుండా బాడీ ఎత్తు చేయించారు. కొట్టు తలుపులకి వేయగా మిగిలిన పసరు రంగే కారుకీ కొట్టించారు. ఆయన పొట్టి మనిషి. రోడ్డు కనిపించాలని ముందు సీటు కింద టేకు పలకలు వేయించి ఎత్తు పెంచారు, కాళ్ళు అందాలని బ్రేకుకీ, క్లచ్చుకీ కర్ర దిమ్మలు బిగించారు.

అన్నిటికన్నా వింత మా అమ్మ హారను. ఘాటీ మలుపుల్లో నాన్నగారు హారను కొట్టడం లేదని, కొట్టినా గట్టిగా కొట్టడం లేదని, వెనక సీట్లో కూర్చుని అమ్మ దారి పొడుగునా గోలపెట్టేది. ఆ పోరు పడలేక ఒక లారీ హారను తెచ్చి బానెట్టులో పెట్టించి, దాని మీట మాత్రం వెనక సీటు దగ్గర అమ్మ చేతికి అందేలా బిగించారు. ఆ తరువాత మలుపులన్నీ అమ్మవే. టైడా దగ్గర నొక్కితే బొర్రాలో వినిపించేదని మా వాళ్ళు హాస్యమాడేవారు.

నాన్నగారు ఒక వానాకాలం మొదట్లో జ్వరంతో పోయారు. ఇద్దరన్నయ్యలూ వేరుపడదామనుకున్నారు. పెద్దన్నయ్య అరకు కొట్టులో ఉంటాననీ, చిన్నన్నయ్య సాలూరు దిగి వేరే వ్యాపారం పెట్టుకుంటాననీ ఒప్పందం. కొట్టు, సరుకు, ఇల్లు అన్నీ పెద్దగా మాటా మాటా లేకుండానే తెమిలాయి. పేచీ అంతా కారు దగ్గర వచ్చింది. ఇద్దరికీ అదే కావాలి. మాట మాట పెరిగి, నాన్న నాకిస్తానన్నాడంటే నాకిస్తానన్నాడని, ఆఖరికి పలకరింపులు కూడా మానుకున్నారు. తాళం చెవి పెద్దన్నయ్య మొలతాడుకి కట్టుకున్నాడు. అది చూసి చిన్నన్నయ్య బ్యాటరీ విప్పి తన గదిలో మంచం కింద పెట్టుకున్నాడు. కారు మాత్రం టార్పాలిన్ కప్పుకుని వానలన్నీ వాకిట్లోనే గడిపింది. వదినలిద్దరూ ఒకే పొయ్యి మీద వండుతూ నవ్వుకుంటుంటే, వీళ్ళిద్దరూ ఒకే వరసలో భోజనానికి కూర్చుని, పచ్చడి కావాలంటే నాతో అడిగించుకునేవారు. అమ్మ మాత్రం ఆ వాకిలి వైపు చూడడమే మానేసింది. మనిషి పోయిన దిగులు కన్నా ఈ మౌనమే ఆవిడని ఎక్కువ కుంగదీసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

వానలు తెరిపిచ్చాక అమ్మే ఒక దారి చూసింది. విశాఖపట్నంలో ఉన్న మా మేనమామకి కబురు పెట్టి, పాత కార్లకి ధర కట్టే మేస్త్రీని పంపమంది. ఆయన కట్టిన ధరలో సగం రెండోవాడికిచ్చి ఎవరో ఒకరు కారు తీసుకోవాలని, ఆ మాట మీద ఇద్దరూ నిలబడాలని ఒట్టు వేయించుకుంది. మేస్త్రీగారు కిరండోలు పాసింజరు రైల్లో దిగారు. సన్నటి మనిషి, తెల్ల పంచె, చంకలో గొడుగు. బస్సులో ఎందుకు రాలేదని అడిగితే, ఘాటీ మలుపులంటే తనకి పడదని, కడుపులో తిప్పుతుందని సిగ్గుపడుతూ చెప్పారు. జీవితమంతా కార్ల మధ్య గడిపిన మనిషికి కారెక్కితే వాంతి వస్తుందంటే మా వదినలు వంటింట్లోకి పరిగెత్తి నవ్వుకున్నారు.

ఆయన పరీక్ష చేసే పద్ధతి నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. రుమాల్లో చుట్టిన అయస్కాంతం ముక్కని బాడీ మీద మెల్లగా జరుపుకుంటూ పోయేవారు. రేకున్న చోట అంటుకునేది, లోపల పుట్టీ పూసి పైన రంగేసిన చోట జారిపోయేది. నాన్నగారు చేయించిన ఒక్కొక్క మార్పు దగ్గరా ఆగి, పెదాలు బిగించి, "ఊఁ" అని ముందుకు నడిచేవారు. వెనక సీటు దగ్గర మీట చూసి ఇదేమిటని అడిగి, చెప్పింది విని, మా అమ్మ వైపు ఒకసారి చూసి ముందుకు కదిలారు. ఈలోగా మా అన్నయ్యల వరస చూడాలి. ధర తగ్గితే కొనుక్కోవడం తేలికని ఇద్దరూ ఎవరికి వారే అనుకున్నట్టున్నారు. గేరుబాక్సు అరుస్తోందని పెద్దన్నయ్య ఒక పక్క నుంచి చెబితే, అసలు చాసిస్సే వంగిపోయిందని చిన్నన్నయ్య ఇంకో పక్క నుంచి అందుకున్నాడు. దానికోసం కొట్టుకు చస్తున్న ఇద్దరూ పోటీలు పడి దాన్నే తిడుతుంటే, ఆ పెద్దమనిషి ఎవరి మాటా చెవిని వేసుకోకుండా, ఘాటీలో ఒకసారి నడిపి చూస్తేగాని ధర చెప్పనన్నారు.

ఎవరు నడపాలి? పెద్దన్నయ్య నడిపితే కావాలని ఇంజను గుంజేలా నడుపుతాడని చిన్నన్నయ్య అనుమానం. చిన్నన్నయ్య నడిపితే కావాలని గోతుల్లో వేస్తాడని పెద్దన్నయ్య అనుమానం. మేస్త్రీగారేమో మలుపుల్లో తన కళ్ళు తిరుగుతాయని ముందే చేతులెత్తేశారు. అప్పుడు అమ్మ, కొంగు దోపుకుని మెట్లు దిగుతూ, "గుంట తోలుతాది. మీరిద్దరూ నోరు మూసుకుని ఎనక కూకోండి" అంది.

గుంటంటే మా వైపు ఆడపిల్ల, అంటే నేనే. ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. నేనప్పుడు ఊళ్ళో ఆడపిల్లల హాస్టలులో కుట్టుపని నేర్పే టీచరుని. సంత లేని రోజుల్లో ఖాళీగా పడివుండే సంత మైదానంలో, ఊరు లేవకముందే, నాన్నగారు నాకు ఆ కారు నేర్పారు. విశాఖపట్నం తీసుకెళ్ళి లైసెన్సు కూడా ఇప్పించారు. ఈ సంగతి అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు, ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆడపిల్ల కారు నడపడమంటే జనం సంత మానేసి చూడడానికి వస్తారని మా భయం. అన్నయ్యలిద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. పెద్దన్నయ్య మొలతాడు నుంచి తాళం విప్పాడు, చిన్నన్నయ్య లోపలికి వెళ్ళి బ్యాటరీ మోసుకొచ్చాడు.

ముందు నేనూ, మేస్త్రీగారూ. వెనక కిటికీకి ఒకరుగా అన్నయ్యలిద్దరూ, మధ్యలో మీట మీద చెయ్యేసుకుని అమ్మ. సుంకరమెట్ట వైపు బయలుదేరాం. వలిసె పూల కాలం, చేలన్నీ పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. కాళ్ళ కింద ఆ కర్ర దిమ్మలు తగలగానే నాకు ధైర్యం వచ్చింది. మొదటి మలుపులో అమ్మ హారను నొక్కింది. మేస్త్రీగారు సీట్లోంచి ఎగిరిపడ్డారు. రెండో మలుపుకి ఆయన మొహం కారు రంగులోకి మారింది. అమ్మ నిమ్మకాయ ఒకటి ముందుకి అందించి, వాసన చూస్తూ ఉండమంది. ఆ తరువాత ఆయన ఒక చేత్తో నిమ్మకాయ, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు మాత్రం వింటూ కూర్చున్నారు.

గాలికొండ ఎక్కే ముందు రోడ్డు పక్కన ఒక ముసలామె తట్టతో నిలబడి చెయ్యెత్తింది. కారు కనబడితే చాలు, మెల్లగా వచ్చే బస్సుని ఆపినంత నమ్మకంగా ఎత్తింది. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. పైకొండ ఊరి నుంచి సంతలకి వచ్చే మనిషి, నాన్నగారికి ఎప్పటినుంచో పిప్పళ్ళు, సంతలో వాగు ఎండుచేపలు అమ్మేది. ఎవరినీ అడగకుండా ముందు తలుపు తీసి, మేస్త్రీగారిని ఇటు జరగమని సైగ చేసి, ఎండుచేపల తట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాపం ఆ పెద్దమనిషి నిమ్మకాయని ముక్కుకి ఇంకా గట్టిగా అదుముకున్నారు. ఆమె నన్ను చూసింది, వెనక్కి తిరిగి అందరినీ చూసింది.

"సావుకారేడి? గుంటకి కారిచ్చీసి తానెక్కడ కూకున్నాడు?" అంది.

వానల్లో వాగులు పొంగి ఆమె కొండ దిగనే లేదు, కబురు తెలియదు. నాకైతే రోడ్డు మసకబారింది. చిన్నన్నయ్యే, "మా నాన్న వానల్లో..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అప్పుడు పెద్దన్నయ్య అమ్మ వెనకనుంచి చెయ్యి చాచి తమ్ముడి భుజం మీద వేసి, "పోయాడే అవ్వా. జొరం వచ్చి పోయాడు" అని ముగించాడు. ఆ చెయ్యి తియ్యలేదు. అద్దంలో చూస్తున్నాను.

ఆమె చేపల తట్టని ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కుంది. తరువాత మెల్లగా నవ్వింది. "ఎండుసేపల కంపని రోజూ తిట్టీవోడు. ఓలమ్మో, ఎంత తిట్టు తిట్టీవోడని. తిట్టీసి, ముందర సీట్లోనే కూకోబెట్టీవోడు."

అది ఎంత నిజమో మా అందరికీ తెలుసు. ముందు అమ్మ నవ్వింది. ఆ వెంటనే చిన్నన్నయ్య నాన్నగారి గొంతు పెట్టి, "కారనుకున్నావేటే, సేపల బజారనుకున్నావేటే" అని అచ్చంగా ఆయన తిట్టినట్టే తిట్టాడు. అలా కాదురా, ముందు ముక్కు మూసుకునీవోడు కదా అని పెద్దన్నయ్య ముక్కు మూసుకుని మరీ తిట్టి చూపించాడు. ఇద్దరూ పోటీ పడ్డారు. సంత మలుపు దాకా నవ్వులే. ముసలామె దిగిపోతూ, బండికి ఇంకా ధర తేల్చని మేస్త్రీగారి చేతిలో రెండు ఎండుచేపలు పెట్టి వెళ్ళింది. కాదనే ఓపిక కూడా ఆయనకి లేదు.

ఇంటికొచ్చి, మజ్జిగ తాగి, కాసేపు వాకిట్లో నడుం వాల్చాక ఆయన ధర చెప్పారు. ఆ అంకె ఎంతో ఇక్కడ చెప్పను గాని, అది మా ఇంట్లో కుట్టుమిషనుకీ, ఒక మంచి పాడి గేదెకీ మధ్య ఎక్కడో ఉంది.

పొద్దున్నించీ కారుని తిట్టిన అన్నయ్యలిద్దరూ ఒక్కసారిగా లేచారు. "ఏటి బాబూ, సాలూరు పనితనం అది. ఆ టేకు చెక్కకే అంత అవుద్ది" అన్నాడు పెద్దన్నయ్య. "ఇంజను పిల్లిలాగ నడిచింది కదా, మీరు ఇనలేదేటి?" అన్నాడు చిన్నన్నయ్య. పొద్దున్న చాసిస్ వంగిందన్నవాడు తానే అన్న సంగతి గుర్తు చేసేవాళ్ళెవరూ లేరు. నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఒకడి మాట ఒకడు అందుకుంటూ ఆయన మీదికి వెళుతుంటే, అమ్మ గుమ్మంలో కూర్చుని కళ్ళార్పకుండా చూసింది.

మేస్త్రీగారు మాత్రం తొణకలేదు. "ఇంజను మంచిదే. ఇనప సామానూ మంచిదే. కాని ఇది కారు కాదు బాబూ, మీ నాన్నగారు కుట్టించుకున్న చొక్కా. కొన్నవాడు ముందుగా ఏం చెయ్యాలి? డిక్కీ మళ్ళీ కట్టించాలి, సీటు దింపించాలి, దిమ్మలు పీకాలి, రంగు మార్చాలి. ఆ ఖర్చంతా ధరలోంచి తీసేశాను. ఊడదీయడానికి అయ్యే ఖర్చుకి ఎవరూ డబ్బివ్వరు కదా" అన్నారు. తరువాత, నిజం చెప్పండి, మీరిద్దరూ దీన్ని నడుపుతుంటే తల టాపుకి తగలదా అని అడిగారు.

అన్నయ్యలిద్దరూ అమ్మ పుట్టింటి పోలిక, తాడిచెట్లు. నాన్నగారి ఎత్తు సీటు మీద కూర్చుంటే మెడ పక్కకి వంచి నడపాల్సిందే. కారు నడిచిన రోజుల్లో ఇద్దరూ మెడనొప్పికి రాత్రుళ్ళు వదినల చేత అమృతాంజనం రాయించుకుంటూ ఆ సంగతి పైకి చెప్పుకోలేదని వదినల నవ్వుని బట్టి అప్పుడు బయటపడింది.

నాకు నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. కుట్టుపని చేసేదాన్ని గనక వచ్చిందేమో. చొక్కా ఇంకొకరికి సరిపోతే విప్పడమెందుకు మేస్త్రీగారూ అన్నాను. నేను నాన్నగారి ఎత్తే. సీటు నాకు సరిపోయింది, దిమ్మలు నాకు అందాయి, రంగు నాకు బాగానే ఉంది. ఆ రేటుకి నా జీతంలో దాచుకున్న డబ్బుతో నేనే కొంటానన్నాను. ఆయన నా వైపు చూసి మొట్టమొదటిసారి నవ్వారు. అలాగైతే తగ్గించాల్సిందేమీ లేదు, ధర చాలా ఎక్కువవుతుందమ్మా అన్నారు. అమ్మ అందుకుని, అన్నయ్యల వైపు తిరిగి, "ఒట్టేసుకున్న మాట ఒకటే. సెప్పిన రేటే రేటు. గుంటకీ వాటా ఉందని మీకెవరికీ తోసలేదు కాబట్టి, అందులోనూ మూడో వంతు తగ్గించండి" అంది.

పెద్దన్నయ్య చిన్నన్నయ్య మొహం చూశాడు. వాళ్ళిద్దరికీ ఆ క్షణంలో కోపం రావలసిన మాట. కాని నాకు పోతే పోయింది, వాడికీ దక్కలేదన్న తృప్తి ఇద్దరి మొహాల్లోనూ ఒకేలా కనిపించి, అది ఒకరిలో ఒకరు పసిగట్టి, సిగ్గుపడి, ఆఖరికి పకపకా నవ్వేశారు. ఆ పూట ఎండుచేపల పులుసు వండుకుని, పచ్చడి ఒకరికొకరు వడ్డించుకున్నారు. మేస్త్రీగారు కూడా రెండుసార్లు అన్నం పెట్టించుకుని, రైలెక్కి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఏ స్పేరు పార్టు కావాలన్నా ఆయనే రైల్లో వేయించేవారు గాని, మళ్ళీ మా కొండ ఎక్కలేదు.

ఆ కారు నా దగ్గర చాలా ఏళ్ళు నడిచింది. మొదటి రోజున సంత జనం నిజంగానే చూడడానికి వచ్చారు, రెండో సంతకి అలవాటైపోయి లిఫ్టు అడిగారు. హాస్టలు పిల్లలు కుట్టిన గౌన్లూ, జాకెట్లూ ఆ చెక్క తలుపు దించి దాని మీదే పరిచి అమ్మాం. పెళ్ళయ్యాక మా ఆయన పక్క సీట్లో మెడ వంచుకునే కాపురం చేశారు. చివరికి సామాను దొరకడం మానేసి, అడుగున తుప్పు పట్టి, కదలనని మొరాయించాక, దాన్ని కట్టిన సాలూరు వాళ్ళే లారీ మీద వేసుకుని తీసుకుపోయారు. నేను బాధపడతానని అందరూ అనుకున్నారు. వాడుకోవలసినంతా వాడుకున్న చొక్కా చిరిగితే ఎవరైనా బాధపడతారా?

నాకు దిగులు వేసేది వేరే దగ్గర. మొన్న అమ్మ ఆబ్దికానికి అందరం అరకులో కలిశాం. కొండ దిగి కొడుకు దగ్గరికి చేరిన పెద్దన్నయ్య వాడి కారులో వచ్చాడు, చిన్నన్నయ్య తన అల్లుడి కారులో వచ్చాడు, పిల్లలు ఎవరి కార్లలో వాళ్ళు వచ్చారు. వాకిలి పట్టక రోడ్డు మీద కూడా పెట్టారు. ఘాటీ రోడ్డు బాగైంది, అద్దాలు దించకుండా చల్లగా వచ్చి, ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా భోంచేసి, పొద్దుండగానే ఎవరి దారిన వాళ్ళు దిగిపోయారు. ఒక్క మాట తేడా రాలేదు. అంత బాగా జరిగింది. వాళ్ళు వెళ్ళాక వాకిలి ఊడుస్తూ అనుకున్నాను, మన కాలంలో పోట్లాడుకోవాలన్నా అందరం ఒకే సీట్లో మోకాళ్ళు తగిలించుకుని కూర్చోవలసి వచ్చేది, అందుకే కాబోలు ఏ పోట్లాటా ఇల్లు చేరేదాకా నిలిచేది కాదు.